తమ్ముడు ఎల్లుండి డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వస్తున్నాడు, ఇంట్లో ఏం సిద్ధంగా పెట్టుకోవాలి?

గాజువాక అక్క (శుక్రవారం రాత్రి 11:20)

నమస్తే అండి. ఈ విషయం చుట్టాలకు చెప్పలేను, ఆఫీసులో చెప్పలేను, అందుకే పేరు లేకుండా ఇక్కడ రాస్తున్నా. మాది విశాఖ, గాజువాక దగ్గర. నాన్న పోయి ఆరేళ్ళు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు. వాడికి 24. బైక్ మీద నుంచి పడి కాలు విరిగినప్పుడు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, కాలు నయమైంది గానీ ఆ ఇంజెక్షన్ వాణ్ని వదల్లేదు. అదే మందు బయట దొరుకుతుందని ఎవరో చెప్తే తనే పొడుచుకోవడం మొదలుపెట్టాడు. మాకు తెలిసేసరికి ఏడాది దాటిపోయింది. మే నెల ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పడేంటి అనుకున్నామే తప్ప మా బుర్రకు తట్టలేదు. ఒకరోజు స్నానం చేసి వస్తుంటే తువ్వాలు జారి తొడ కనిపించింది. చర్మం నల్లబడి చెక్కలా బిగుసుకుపోయి ఉంది, మధ్యలో రూపాయి బిళ్ళంత పుండు.

మూడు నెలల కిందట అప్పు చేసి ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్చాం. ఎల్లుండి ఆదివారం ఇంటికి పంపిస్తున్నారు. "పూర్తిగా మానేశాడు, ఇక భయం లేదు, డబ్బులు చేతికివ్వకండి, ఫోన్ తీసేసుకోండి, రాత్రిళ్ళు గదికి బయట నుంచి గొళ్ళెం పెట్టండి" అన్నారు. మందులు మాత్రం ఏమీ రాసివ్వలేదు.

నా భయం వేరే. సెంటర్‌లో చేర్చడానికి ముందు ఒక రాత్రి వాడు బాత్రూంలో గోడకి జారబడి కనిపించాడు. పెదవులు నేరేడు పండు రంగులోకి వచ్చాయి, గొంతులోంచి హుక్కాలో నీళ్ళు కదిలినట్టు గరగరమని శబ్దం. ఇంజెక్షన్‌తో పాటు నిద్రమాత్రలు కూడా వేసుకున్నాడని తర్వాత తెలిసింది. నీళ్ళు కొట్టాను, చెంపల మీద కొట్టాను, అమ్మ కాళ్ళు రుద్దింది. పది నిమిషాలకి కళ్ళు తెరిచాడు. ఆ పది నిమిషాల్లో ఫోన్ నా చేతిలోనే ఉంది కానీ 108కి చేయలేదు. సైరన్ వింటే వీధంతా బయటికొస్తుందని, పోలీసులు వస్తారేమోనని. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

అడగాలనుకున్నవి ఇవి. మళ్ళీ అలా అయితే ఏం చేయాలి? దానికి విరుగుడు ఇంజెక్షన్ ఒకటి ఉంటుందని విన్నాను, నిజమేనా, ఇంట్లో పెట్టుకోవచ్చా? అమ్మేమో "విరుగుడు తెచ్చి పెట్టామంటే వాడు మళ్ళీ వాడతాడని మనమే ఒప్పుకున్నట్టు కదే" అంటోంది. అమ్మ మాట తీసిపారేయలేకపోతున్నా.

రాత్రి డ్యూటీ (శనివారం తెల్లవారుజాము 2:05)

నేను రాయలసీమలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో పని చేస్తాను. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ సెంటర్ వాళ్ళు చెప్పని ముఖ్యమైన విషయం. మూడు నెలలు మందు లేకుండా ఉన్న ఒంటికి పాత అలవాటు పోయింది. ఇదివరకు తట్టుకున్న మోతాదు ఇప్పుడు తట్టుకోలేదు. కానీ మనసుకు గుర్తున్నది ఆ పాత మోతాదే. అందుకే సెంటర్ నుంచో జైలు నుంచో వచ్చిన మొదటి రెండు వారాలు అన్నిటికంటే ప్రమాదం. 2007లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన వాళ్ళ మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. "ఇక భయం లేదు" అన్న రోజే నిజానికి భయపడాల్సిన రోజు.

మీరు రాసిన తొడ, పుండు చూస్తే పెంటాజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ అనిపిస్తోంది. విశాఖలో పోలీసులు తరచూ పట్టుకునే మత్తు ఇంజెక్షన్లు కూడా అవే. అది నల్లమందు జాతి మందుల్లాగే పని చేస్తుంది. ఈ జాతి మందులు ఎక్కువైతే గుండె ఆగి చనిపోరు, ముందు ఊపిరి మందగిస్తుంది. మెదడులో "ఊపిరి పీల్చు" అని చెప్పే చోటు నిద్రపోతుంది. దానికి నిద్రమాత్రలో, మద్యమో తోడైతే ఆ నిద్ర రెట్టింపు. మీ తమ్ముడికి ఆ రాత్రి జరిగింది అదే.

గుర్తులు చెప్తాను. పిలిస్తే పలకడు. ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దినా లేవడు. ఊపిరి అయిదారు సెకన్లకోసారి కూడా రాదు, లేదా గురకలా గరగరమంటుంది. పెదవులు, గోళ్ళు నీలంగానో బూడిద రంగులోనో మారతాయి. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప సూదిమొనంత చిన్నదై ఉంటుంది, అయితే నిద్రమాత్రలు కలిసినప్పుడు ఇది అంత స్పష్టంగా ఉండకపోవచ్చు, దానికోసం ఆగకండి.

అప్పుడు ముందు 108. ఫోన్ స్పీకర్‌లో పెట్టి "మనిషి ఊపిరి తీసుకోవడం లేదు" అని చెప్పండి, మిగతా కథ తర్వాత. వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో ఏమైనా అడ్డుంటే తీసి, నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే గాలికి దారి దొరుకుతుంది. ముక్కు మూసి, మీ నోరు వాడి నోటికి పూర్తిగా ఆన్చి, అయిదు సెకన్లకు ఒకసారి గాలి ఊదండి, ఛాతీ లేస్తోందో లేదో చూడండి. అసలు కదలికే లేకపోతే, నాడి తెలియకపోతే, 108 వాళ్ళు ఛాతీ నొక్కడం ఫోన్లోనే చెప్తారు. ఊపిరి వాడంతట వాడు తీసుకుంటుంటే పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి పడుకోబెట్టండి, వాంతి వచ్చినా గొంతులోకి పోదు. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్ళు ఏవీ పోయకండి. స్పృహ లేని మనిషి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా దగ్గరికి అలా వచ్చిన వాళ్ళు ఉన్నారు.

విరుగుడు నిజమే. పేరు నాలోక్సోన్. మన దగ్గర చిన్న ఆంపూల్ (మూసి ఉన్న బుల్లి గాజు సీసా) రూపంలో ఉంటుంది, డాక్టర్ చీటీ కావాలి. ప్రతి మెడికల్ షాపులో ఉండదు, పెద్ద ఆసుపత్రుల ఫార్మసీల్లో అడగాలి. చీటీ రాసిన చోటే ఎంత ఇవ్వాలి, తొడ కండలోకి ఎలా పొడవాలి అని నర్సు చేత చేయించుకుని చూడండి, చదివి నేర్చుకునేది కాదు. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి మెరుగవ్వకపోతే ఇంకోటి ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి ఒకటి కంటే ఎక్కువ ఉంచుకోండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. నాలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నర లోపు తగ్గిపోతుంది, అప్పుడు మళ్ళీ మత్తులోకి జారొచ్చు. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. రెండోది, నాల్‌ట్రెక్సోన్ అని ఇంకో మందు ఉంది, అది మానేసిన వాళ్ళకి రోజూ ఇచ్చే మాత్ర, ప్రాణం పోతున్నప్పుడు ఇచ్చేది కాదు. పేర్లు దగ్గరగా ఉండి జనం ఒకదానికి ఇంకోటి తెచ్చుకుంటారు. నిద్రమాత్రలకీ మద్యానికీ నాలోక్సోన్ పని చేయదు, కానీ ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు ఇస్తే నష్టం లేదు. ఇవ్వండి.

మీ అమ్మగారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక్కటే. ఓవర్‌డోస్ పక్కనుండి చూసే అవకాశం ఉన్న వాళ్ళకి, అంటే ఇంట్లో వాళ్ళకీ స్నేహితులకీ, ఈ మందు అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది మత్తు ఇవ్వదు, ఉన్న మత్తు దింపుతుంది. ఒకసారి ఇది ఎక్కించిన వాళ్ళు వణుకుతూ, వాంతి చేసుకుంటూ లేస్తారు. దీని కోసమని ఎవరూ మళ్ళీ మొదలుపెట్టరు.

పోలీసుల సంగతి. క్యాజువాలిటీలో మేం మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, రాయాల్సి రావచ్చు, అది మా విధి, అంతమాత్రాన పట్టుకెళ్ళిపోతారని కాదు. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటు పడ్డవాడు, వాడినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో కేసు పడినా, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, అది గుర్తుంచుకోండి.

పేషెంట్ వచ్చాడు. మళ్ళీ వస్తా.

మాత్ర వేసుకుంటున్న ఆటో అన్న (శనివారం ఉదయం 6:40)

అక్కా, డాక్టర్ గారు ఒంటి సంగతి చెప్పారు. నేను మీ తమ్ముడి వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఆ బాత్రూం గోడకి జారబడ్డ వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పదకొండేళ్ళు సూది వాడాను. మూడుసార్లు సెంటర్లకి పంపించారు. ఒక చోట కాలికి గొలుసు వేశారు. ఇప్పుడైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసు వేయడం నిషిద్ధం, అలాంటి సెంటర్లు రిజిస్టర్ కావాలి. మూడుసార్లూ బయటికొచ్చిన వారంలోపే మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి నా స్నేహితుడు నాతోనే బయటికొచ్చాడు. వాడు ఆ రాత్రి దాటలేదు. ఇద్దరం ఒకే సీసాలోంచి తీసుకున్నాం. నేను బతికింది నా గొప్ప కాదు, అదృష్టం, వాడికి తొంభై రోజుల తర్వాత అదే మొదటిది. ఇప్పుడు తొమ్మిదేళ్ళుగా నేను బ్యుప్రెనార్ఫిన్ అనే మాత్ర మీద ఉన్నాను. పొద్దున్నే సెంటర్‌కి వెళ్తా, సిస్టర్ మాత్ర నాలుక కింద పెడుతుంది, అది కరిగేదాకా నోరు మూసుకుని బల్ల మీద కూర్చుంటాను, సిస్టర్ నోరు తెరిపించి చూస్తుంది, సంతకం, తర్వాత నా ఆటో తీస్తా. సాయంత్రం టీఐ ప్రాజెక్టు (సూది వాడేవాళ్ళకి కొత్త సూదులిచ్చి, ఆసుపత్రికి దారి చూపే ప్రభుత్వ కార్యక్రమం) తరఫున పాత దోస్తుల దగ్గర తిరుగుతా. కూతురు ఎనిమిదో తరగతి.

దీన్ని ఓఎస్‌టీ అంటారు, సూది మందు బదులు డాక్టర్ల చేతి మీదుగా ఈ మాత్ర ఇచ్చే చికిత్స. "ఒక మత్తు తీసి ఇంకో మత్తు" అని చాలామంది అంటారు, మా నాన్న కూడా అన్నాడు. నాకు ఈ మాత్రతో మత్తు రాదు, ఒళ్ళు నొప్పులు రావు, సూది గుర్తుకురాదు, అంతే. చికిత్సలో ఉన్నంతకాలం చనిపోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని మా డాక్టర్ చెప్పారు. మీ తమ్ముడికి అవసరమా కాదా అనేది డాక్టరే చెప్పాలి, ఎందుకంటే మూడు నెలలుగా మానేసి ఉన్నాడు కాబట్టి లెక్క వేరుగా ఉండొచ్చు, కానీ మందు ఏదీ లేకుండా ఉత్త చేతులతో ఇంటికి పంపించడం సరికాదు. చిన వాల్తేరు మెంటల్ కేర్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా, జిల్లా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ గది దగ్గర అడిగినా మీ వైపు సూది వాళ్ళ కోసం పనిచేసే ప్రాజెక్టు ఉందో లేదో చెప్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ పరీక్షలు తప్పకుండా చేయించండి, హెపటైటిస్ సీకి ఇప్పుడు మాత్రలతో నయమయ్యే చికిత్స ప్రభుత్వంలో ఉచితంగానే ఇస్తున్నారు. ఆ తొడ పుండు డ్రెస్సింగ్ మానొద్దు, అది లోపలికి పోతే కాలు పోతుంది, చూశాను.

ఇక గొళ్ళెం సంగతి. గదికి బయట గొళ్ళెం పెట్టొద్దక్కా. లోపల గొళ్ళెం కూడా పీకేయండి, బాత్రూంది ముందు. మేమందరం తలుపు వేసుకునే చేస్తాం, తలుపు వేసుకునే పోతాం. వాడితో ఒక మాట అనండి, "నువ్వు వాడితే నేను కోప్పడను అనట్లేదు, కానీ ఒక్కడివే ఉండి వాడొద్దు, వాడితే నాకు చెప్పు, సగానికి సగం కూడా వద్దు, దానికంటే తక్కువ, నిద్రమాత్ర కలపొద్దు, మందు తాగి అసలొద్దు." ఇది అనడం మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు ఎవరూ అనలేదు. సెంటర్‌లో "మళ్ళీ వాడితే చచ్చిపోతావు" అన్నారు, ఎలా చస్తానో, ఎందుకు చస్తానో మాత్రం చెప్పలేదు.

కరీంనగర్ తండ్రి (శనివారం ఉదయం 9:15)

అందరూ మంచి మనసుతోనే రాస్తున్నారు, కాదనను. కానీ నాకు ఇది మింగుడు పడట్లేదు. నా కొడుకు కూడా టాబ్లెట్లకు, దాని తర్వాత వేరేవాటికి అలవాటు పడ్డాడు. ఇంటి బంగారం పోయింది, చెల్లి పెళ్ళి ఆగింది. "వాడితే నాకు చెప్పు, తక్కువ వాడు" అని కన్నతండ్రి అనాలా? సూదులు పంచడం, మాత్రలు ఇవ్వడం, విరుగుడు ఇంట్లో పెట్టడం, ఇవన్నీ చూసిన పిల్లాడికి ఏం అర్థమవుతుంది? మన ఇంట్లో తప్పును తప్పు అనే మనిషి ఒక్కడైనా ఉండొద్దా? నేను కఠినంగా ఉన్నాను కాబట్టే వాడు ఈ నాలుగు నెలలు ఆగాడని నా నమ్మకం. తప్పుగా మాట్లాడి ఉంటే క్షమించండి.

మాత్ర వేసుకుంటున్న ఆటో అన్న (శనివారం ఉదయం 10:02)

పెద్దాయనా, మీ బాధ నాకు తెలుసు, మా నాన్న మొహంలో చూశాను. తప్పును తప్పు అనండి, అది ఆపమనట్లేదు. సూదుల సంగతి ఒక్కటి చెప్తాను, మా ట్రైనింగ్‌లో విన్నది, మర్చిపోలేకపోతున్నా. మణిపూర్‌లో 1989లో సూది వాడే కుర్రాళ్ళలో హెచ్‌ఐవీ దాదాపు లేదు. ఏడాది తిరగకముందే సగం మందికి వచ్చేసింది, ఒకే సూది చేతులు మారడం వల్ల. అప్పట్లో వాళ్ళని జైల్లో పెట్టారు, కొట్టారు, ఊళ్ళోంచి వెలివేశారు, ఇవేవీ సూదిని ఆపలేదు, జబ్బు వాళ్ళ భార్యలకి, పిల్లలకి చేరింది. చివరికి 1996లో ఆ రాష్ట్రమే ఎయిడ్స్ విధానంలో హాని తగ్గించే పద్ధతిని పెట్టుకుంది. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2007 నుంచి దేశమంతా సూదులు, బ్యుప్రెనార్ఫిన్ కార్యక్రమాన్ని పెంచుకుంటూ వచ్చింది. ఇది ఎవరో విదేశీ ఎన్‌జీఓ ఆలోచన కాదు, మన ప్రభుత్వమే నడుపుతున్న పని. 2019లో ఎయిమ్స్ చేసిన సర్వేలో దేశంలో సూదితో మత్తు తీసుకునేవాళ్ళు 8.5 లక్షల మంది అని అంచనా వేశారు. ఇంతమందిని గొళ్ళేలు కాపాడలేవు.

నేను కొత్త సూది ఇచ్చేటప్పుడు పాతది లెక్కపెట్టి తీసుకుంటా, చేయి చూస్తా, పుండు ఉంటే కడుగుతా, "ఆసుపత్రికి పోదామా" అని అడుగుతా. ఇరవైసార్లు వద్దంటాడు. ఇరవై ఒకటోసారి ఆటో ఎక్కుతాడు. ఆ ఇరవైసార్లూ వాడు బతికి ఉండాలి కదా.

కృష్ణలంక అమ్మ (శనివారం మధ్యాహ్నం 1:30)

మా అబ్బాయి పోయి అయిదేళ్ళు. అన్నయ్యగారు, నేను మీకంటే కఠినంగా ఉన్నాను.

సెంటర్ నుంచి వచ్చిన నాలుగో రోజు. ముందు మూడు రోజులు వాడికి నిద్ర లేదు, ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం బయటికెళ్ళి వచ్చి గదిలోకి వెళ్ళాడు. అరగంటకి గురక వినిపించింది. పెద్ద గురక, మధ్యమధ్యలో ఆగి మళ్ళీ వస్తోంది. నేను తలుపు సందులోంచి చూసి, పోనీలే తండ్రీ ఇన్నాళ్ళకి నిద్ర పట్టింది అనుకుని, ఫ్యాన్ రెండు నుంచి మూడుకి పెట్టి, దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఎదురింటి వాళ్ళు టీవీ పెద్దగా పెడితే వెళ్ళి తగ్గించమని కూడా చెప్పాను. ఆ చప్పుడుకి లేస్తాడేమోనని. టీ పెట్టుకుని వెళ్ళేసరికి గురక లేదు.

అది నిద్ర కాదని, ఊపిరి అందక వచ్చే చప్పుడని ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది. నాకు ముందు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే తట్టి లేపేదాన్ని. లేవకపోతే అరిచేదాన్ని. ఇంట్లో ఆ మందు ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలీదు, కానీ ఉండాల్సింది.

అమ్మాయీ, మీ అమ్మకి నా మాటగా చెప్పు. విరుగుడు ఇంట్లో పెట్టుకుంటే వాడు వాడతాడని ఒప్పుకున్నట్టు కాదమ్మా. మా ఇంట్లో అది లేదు, మేం ఒప్పుకోలేదు, అయినా వాడు వాడాడు. గురక పెడుతుంటే నిద్రపోనివ్వకండి. తట్టండి. కోప్పడితే కోప్పడనివ్వండి.

ఎడిసన్ ఫార్మసీ (శనివారం సాయంత్రం 4:48)

న్యూజెర్సీలో ఫార్మసీలో పని చేస్తాను, మాది నల్గొండ. అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం కొంచెం రాస్తాను. ఇక్కడ సమస్య ఇంకా ముదిరింది. బయట కొన్న మాత్ర చూడ్డానికి అచ్చం ఆందోళనకో నొప్పికో డాక్టర్ రాసే మాత్రలాగే ఉంటుంది, లోపల ఫెంటానిల్ ఉంటుంది, అదీ నల్లమందు జాతి మందే. హెరాయిన్ కంటే సుమారు 50 రెట్లు బలమైనది. పరీక్షల టెన్షన్‌లో రాత్రి మేలుకోవడానికో, తర్వాత నిద్ర పట్టడానికో స్నేహితుడు ఇచ్చిన ఒక్క మాత్ర చాలు, వాడు ఎప్పుడూ డ్రగ్స్ ముట్టనివాడైనా. 2021 నుంచి 2023 వరకు ఏటా లక్షకు పైగా మనుషులు ఈ దేశంలో ఓవర్‌డోస్‌తో చనిపోయారు. తర్వాత ఆ సంఖ్య బాగా తగ్గింది, నాలోక్సోన్ విరివిగా దొరకడం అందుకు ఒక కారణమని ఇక్కడ చాలామంది నమ్మకం, నాదీ అదే.

నాలోక్సోన్‌నే ముక్కులో కొట్టే స్ప్రేగా ఇస్తారు, నార్కాన్ అంటారు, దానికి 2023 మార్చిలో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. న్యూజెర్సీలో అయితే 2023 జనవరి నుంచి రాష్ట్ర పథకంలో ఉన్న ఫార్మసీల్లో ఉచితం. 14 ఏళ్ళు దాటిన ఎవరైనా వచ్చి అడగొచ్చు, పేరు అడగం, ఎందుకని అడగం. ఒక పెద్దావిడ నెలకోసారి వచ్చి తీసుకెళ్తారు, బస్సులో పక్కనున్న వాళ్ళకి అవసరం పడుతుందేమోనని పర్సులో పెట్టుకుంటారు. మన తెలుగు పిల్లలు మాత్రం కౌంటర్ దాకా వచ్చి, నా మెడలో పసుపుతాడు చూసి, అడగకుండా దగ్గు మందు కొనుక్కుని వెళ్ళిపోయిన సందర్భం ఉంది. వెనకాల పరిగెత్తి పార్కింగ్‌లో చేతిలో పెట్టాను. వీసా పోతుందని 911కి (ఇక్కడి 108 లాంటిది) ఫోన్ చేయడానికి భయపడతారు. న్యూజెర్సీలో 2013 నుంచి, ప్రాణాపాయంలో ఉన్న మనిషి కోసం ఫోన్ చేసినవాడిని డ్రగ్స్ వాడినందుకు, దగ్గర పెట్టుకున్నందుకు అరెస్టు చేయకుండా చట్టం ఉంది. వీసా విషయం లాయర్‌ని అడగాలి, కానీ ఆ ప్రశ్న మనిషి ఊపిరి తీసుకున్నాక అడగొచ్చు. దయచేసి పిల్లలకి ఫోన్లో "తిన్నావా" అని అడిగినట్టే ఇది కూడా చెప్పండి.

గాజువాక అక్కా, ఒక చిన్న విషయం. ఆంపూల్ గది వేడిలో ఉంచొచ్చు, ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకుండా దాని డబ్బాలోనే ఉంచండి. సిరంజి, సూది దాంతోపాటే ఒకే సంచిలో పెట్టండి, అవి వెతుక్కుంటూ నిమిషాలు పోతాయి. గడువు తేదీ చూసుకోండి.

కరీంనగర్ తండ్రి (శనివారం రాత్రి 9:37)

నా అభిప్రాయం మొత్తం మారిందని చెప్పలేను. కానీ గురక సంగతి నాకు తెలియదు అమ్మా. మావాడూ గురక పెడతాడు. ఇప్పుడే గదిలోకి వెళ్ళి భుజం మీద తట్టాను, "ఏంది నాయినా" అని లేచిండు. మంచినీళ్ళు కావాల్నా అని అడిగి వచ్చిన. డాక్టర్ గారూ, ఆ మందు చీటీ సైకియాట్రిస్టే రాయాలా, మామూలు ఎంబీబీఎస్ డాక్టర్ రాసినా ఇస్తారా?

రాత్రి డ్యూటీ (శనివారం రాత్రి 11:50)

ఎంబీబీఎస్ డాక్టర్ రాసినా చెల్లుతుందండి. కొంతమంది డాక్టర్లు ఇంటికి రాయడానికి వెనకాడతారు, వాళ్ళకి అలవాటు లేక. "మా అబ్బాయి సెంటర్ నుంచి వచ్చాడు, ఓవర్‌డోస్ భయం ఉంది" అని సూటిగా చెప్పండి. ఒకరు కాదంటే ఇంకొకర్ని అడగండి. ఫోన్లో మాట్లాడాలంటే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, మనసు బాగోలేకపోతే 14416 టెలి మానస్, ఇది మీ అబ్బాయికే కాదు, మీకు కూడా.

గాజువాక అక్క (సోమవారం రాత్రి 10:15)

అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. కృష్ణలంక అమ్మగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఏం మాట్లాడలేదు, చీకటి పడేదాకా పెరట్లో కూర్చుంది. తర్వాత తనే స్క్రూ డ్రైవర్ వెతికి తెచ్చి బాత్రూం గొళ్ళెం విప్పింది. ఇప్పుడు తలుపుకి తువ్వాలు వేస్తే లోపల మనిషి ఉన్నట్టు లెక్క.

వాడు నిన్న వచ్చాడు. బాగా సన్నబడ్డాడు. అన్నం తిన్నాక ఆటో అన్న రాసిన మాటలు నా నోటితో చెప్పాను, మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. వాడు పళ్ళెం వైపే చూస్తూ "ఆ రోజు బాత్రూంలో నేను నీ గొంతు విన్నాను, నోరు కదపలేకపోయాను" అన్నాడు. ఇంత వరకు ఆ రాత్రి గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. తర్వాత వాడే చెప్పాడు, సెంటర్‌లో చివరి వారం అంతా బయటికొచ్చి ఒక్కసారి వాడదామనే ఆలోచనే అని. ఒక్కసారి అంటే పాత మోతాదే అనుకున్నాడట.

ఈ రోజు సెలవు పెట్టి ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. పుండుకి డ్రెస్సింగ్ చేశారు, రక్తం తీసుకున్నారు, మందుల గురించి గురువారం సైకియాట్రీ డాక్టర్ చూస్తారు. నాలోక్సోన్‌కి చీటీ రాశారు, రెండు ఆంపూల్స్ మూడో ఫార్మసీలో దొరికాయి. నర్సు నాకూ అమ్మకీ చూపించింది, అమ్మ చేయి వణికింది గానీ నేర్చుకుంది. వంటింట్లో పోపుల డబ్బా పక్కన స్టీల్ డబ్బాలో పెట్టాం, వాడికి కూడా చూపించాం.

డాక్టర్ గారూ, ఒకటి అడగాలి. రాత్రి వాడు నిద్రపోతున్నప్పుడు ఎన్ని గంటలకోసారి చూడాలి? నిన్న అమ్మ, నేను వంతులేసుకుని గంటకోసారి చూశాం. తెల్లవారుజామున వాడు కళ్ళు మూసుకునే "బతికే ఉన్నానే, పడుకో" అన్నాడు.

రాత్రి డ్యూటీ (సోమవారం రాత్రి 11:08)

వాడనంతవరకు గంటకోసారి అక్కర్లేదండి, మీరిద్దరూ పడిపోతారు. తలుపు తీసి ఉంచి, ఒకరు ఆ గదిలోనో గుమ్మం దగ్గరో పడుకుంటే చాలు. బయటికెళ్ళి వచ్చి తేడాగా కనిపించిన రోజు మాత్రం కనీసం మూడు నాలుగు గంటలు కళ్ళెదుట కూర్చోబెట్టండి, నిద్రపోనివ్వకుండా మాటల్లో పెట్టండి, మాట తడబడినా, తల వాలినా ఆలోచించకుండా 108. గురువారం డాక్టర్‌తో నిద్రమాత్రలు వాడిన సంగతి తప్పకుండా చెప్పండి, ఆ మాత్రలు ఎన్ని, ఎన్నాళ్ళు అనేది వాణ్ణే అడిగి రాసి తీసుకెళ్ళండి, మందు ఏది ఇవ్వాలో దాన్ని బట్టే ఉంటుంది.